అగ్గిపుల్లకూ ఒక చరిత్ర ఉంది

ఒక తప్పు సలహా గురించి చెప్పి ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆ సలహా ఇచ్చింది నేనే.

గత వేసవిలో తమిళనాడులోని విరుదునగర్ జిల్లా వెంబకోట్టై దగ్గర జరిగిన ఒక చిన్న యువజన కూడికలో వాక్యం చెప్పడానికి నన్ను పిలిచారు. సాత్తూరులో రైలు దిగి బస్సెక్కాను. దారి పొడవునా మన పల్నాడును గుర్తుచేసే నల్లరేగడి నేల. అక్కడ దాన్ని కరిసల్ అంటారు. వానలు తక్కువ, గాలి పొడి. అందుకే అటు కోవిల్‌పట్టి నుంచి ఇటు సాత్తూరు, శివకాశి వరకు రెండు పరిశ్రమలు అక్కడ పాతుకుపోయాయి. ఒకటి అగ్గిపెట్టెలు, రెండోది బాణసంచా.

ఆ ఊళ్ళలో తెలుగు వినబడుతుందని మనలో చాలామందికి తెలియదు. నాయకర్లు, రెడ్డియార్లు, అరుందతియర్లు తరతరాలుగా ఇళ్ళలో తెలుగే మాట్లాడుతున్నారు. వీరిలో అరుందతియర్లు దళితులు. మన మాదిగ సోదరుల్లాగే తోలు పనితో, పారిశుధ్య పనితో ఊరి చివరకు నెట్టబడినవారు. ఆ కూడికకు వచ్చిన పిల్లలు బడిలో తమిళం చదువుకున్నారు. బైబిలు కూడా తమిళంలోనే చదువుతారు. కానీ నవ్వుకునేది, పోట్లాడుకునేది, ఏడ్చేది తెలుగులోనే.

కూడిక అయిపోయాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చివరి సంవత్సరం. తల్లి బాణసంచా యూనిట్‌లో మందు నింపే పని చేస్తుంది. "అయ్యగారూ, సైన్సు చరిత్రలో ఎం.ఏ. చేయాలని ఉంది. చెయ్యొచ్చా?" అని అడిగింది. నేను రెండో ఆలోచన లేకుండా, "అమ్మా, అది సైన్సూ కాదు, చరిత్రా కాదు. బి.ఎడ్. చేసుకో, టీచరు ఉద్యోగం వస్తుంది, అమ్మకు ఆసరాగా ఉంటావు" అన్నాను.

ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. కాసేపటికి, "మా అమ్మ నింపే మందులో ఏముందో కెమిస్ట్రీ పుస్తకంలో ఉంది అయ్యగారూ. అది పేలితే ఎప్పుడూ మా అమ్మలాంటివాళ్ళే ఎందుకు చనిపోతారో ఏ పుస్తకంలో ఉంది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించాను. ప్రార్థన మంచిదే. కానీ ఆ రోజు నేను చేసింది ప్రార్థన కాదు, తప్పించుకోవడం. తిరుగు ప్రయాణంలో ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, ఆ అమ్మాయి అడిగినదే సరైన చదువని నాకు అర్థమైంది. ఎందుకో చెబుతాను.

పాఠ్యపుస్తకం ఎక్కడ ఆగిపోతుంది?

ఆ ప్రాంతంలో తయారయ్యే వస్తువునే తీసుకుందాం. అగ్గిపుల్ల.

1669లో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రాన్ని కాచి కాచి బంగారం తీద్దామనుకున్నాడు. బంగారం రాలేదు. చీకట్లో మెరిసే ఒక పదార్థం వచ్చింది. అదే భాస్వరం. 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి గరుకు కాగితం మీద గీస్తే మండే పుల్లలు అమ్మడం మొదలుపెట్టాడు. 1830లలో ఆ పుల్లల తలలోకి తెల్ల భాస్వరం చేరింది. ఎక్కడ గీసినా మండుతుంది, పైగా చవక. ఇంటింటికీ నిప్పు వచ్చింది. మామూలుగా మన పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగి, "సైన్సు మానవాళికి చేసిన మేలు" అని ఒక వాక్యం రాసి ముగిస్తుంది.

తర్వాత జరిగింది ఇది. తెల్ల భాస్వరం ఆవిరి మధ్య పనిచేసిన కూలీల దవడ ఎముకలు కుళ్ళిపోసాగాయి. పంటినొప్పితో మొదలయ్యేది. చీము, దుర్వాసన, వికృతమైన ముఖం, ఎందరికో చివరికి మరణం. 1840ల మధ్యలో వియన్నాలో లోరిన్సర్ అనే వైద్యుడు ఈ జబ్బును గుర్తించి, అది అగ్గిపుల్లల పని వల్లే వస్తోందని రాశాడు. దాదాపు అవే సంవత్సరాల్లో, అదే వియన్నాలో, ఆంటోన్ ష్రోటర్ అనే రసాయన శాస్త్రవేత్త విషం కాని ఎర్ర భాస్వరాన్ని చేసి చూపించాడు. స్వీడన్‌లో గుస్తాఫ్ ఎరిక్ పాష్ 1844లోనే భాస్వరాన్ని పుల్ల మీద నుంచి తీసేసి పెట్టె పక్కన పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. అలా చేసిన స్వీడన్ సేఫ్టీ అగ్గిపెట్టెలకు 1855 పారిస్ ప్రదర్శనలో పతకం కూడా వచ్చింది. ఈ రోజు మన వంటింట్లో ఉన్న అగ్గిపెట్టె అదే పద్ధతిలో చేసినది.

కాబట్టి 1855 నాటికే జబ్బు తెలుసు, దాని కారణం తెలుసు, తప్పించుకునే దారి కూడా తెలుసు. మరి తెల్ల భాస్వరం ఎప్పుడు ఆగింది? ఫిన్లాండులో 1872లో, డెన్మార్కులో 1874లో నిషేధించారు. దేశాలన్నీ కలిసి బెర్న్‌లో ఒప్పందం చేసుకునేసరికి 1906 వచ్చింది. బ్రిటన్ 1908లో చట్టం చేసి, 1910 చివరి నుంచి అమలు చేసింది. మన దేశంలో తెల్ల భాస్వరం అగ్గిపుల్లల నిషేధ చట్టం 1913లో వచ్చింది. లెక్క వేయండి. విరుగుడు చేతిలో ఉండగానే అర్ధ శతాబ్దానికి పైగా మనుషుల దవడలు కుళ్ళాయి.

ఎందుకు? తెల్ల భాస్వరం పుల్ల చవక, ఎక్కడ గీసినా మండుతుంది. కొనేవాడికి సుఖం, అమ్మేవాడికి లాభం. నష్టం మాత్రం ఇద్దరికీ కనబడని మూడో మనిషిది. రసాయన శాస్త్రం తన పని చేసేసింది. ఆగిపోయింది న్యాయం.

ఆ కథలో మనమూ ఉన్నాం

ఈ కథలో క్రైస్తవులుగా మనం దాటేయకూడని భాగం ఒకటుంది.

1888లో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది స్త్రీలు, ఆడపిల్లలు సమ్మె చేశారు. తక్కువ కూలి, మాటిమాటికీ జరిమానాలు, దవడ జబ్బు. ఆ కంపెనీని స్థాపించిన బ్రయంట్, మే ఇద్దరూ క్వేకర్ క్రైస్తవులు. తర్వాత అది వాటాల కంపెనీ అయింది. వాటాదారుల్లో పాదిరులు కూడా ఉన్నారు. వారం వారం కరుణ గురించి ప్రసంగించిన మనుషులకు ఆ దవడల మీద డివిడెండు వచ్చేది.

ఆ ఆడపిల్లల గోడును పత్రికకు ఎక్కించింది ఎవరో తెలుసా? అనీ బెసెంట్. అవును, తర్వాతి కాలంలో మద్రాసు అడయారులో స్థిరపడి, మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన బెసెంటే. అప్పటికామె ఒక పాదిరిని పెళ్ళాడి, విడిపోయి, సంఘాన్ని వదిలేసిన సోషలిస్టు. సంఘం లోపల ఉన్నవాళ్ళకు వినబడని ఏడుపు సంఘం బయటికి వెళ్ళినామెకు వినబడింది. ఆ సమ్మెను నడిపించింది బెసెంట్ కూడా కాదు, ఆ కార్మిక స్త్రీలే స్వయంగా నడుపుకున్నారని తర్వాతి చరిత్రకారులు పాత రికార్డులు తిరగేసి చూపించారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1891లో సాల్వేషన్ ఆర్మీ లండన్‌లో సొంతంగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పెట్టింది. ఎర్ర భాస్వరమే వాడింది. కూలి ఎక్కువ ఇచ్చింది. ఆ పెట్టె ధర కాస్త ఎక్కువ. కొనడానికి జనం వెనకాడారు. పదేళ్ళకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కానీ విషం లేకుండా అగ్గిపుల్ల చేయవచ్చని, కూలి సరిగ్గా ఇవ్వవచ్చని అది అందరి కళ్ళముందు నిరూపించింది. 1901లో బ్రయంట్ అండ్ మే కూడా తెల్ల భాస్వరం వాడటం మానేసింది.

నేను పాతికేళ్ళుగా సాల్వేషన్ ఆర్మీ పేరు వింటున్నాను. ఈ సంగతి ఏ ప్రసంగంలోనూ వినలేదు, నేనూ ఎన్నడూ చెప్పలేదు. ఒక సంఘం రసాయన శాస్త్రం వైపు, కూలి మనిషి వైపు ఒకేసారి నిలబడిన ఉదాహరణ ఇది. అలాగే విశ్వాసులు లాభం వైపు నిలబడిన ఉదాహరణ కూడా ఇదే కథలో ఉంది. రెండూ తెలిస్తేనే మనం ఎటు నిలబడాలో తేల్చుకోగలం.

"రాపిడి వల్ల పేలుడు"

ఇప్పుడు మళ్ళీ వెంబకోట్టైకి వద్దాం.

1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చారు. తిండి గింజలు సరిగా పండని కరువు నేలకు ఆ పని కూడు పెట్టింది. దాన్ని ఎవరూ కాదనలేరు. బాణసంచా కూడా అలాగే పెరిగింది. కానీ ఆ కూడుకు చెల్లించిన ధర కూడా చరిత్రే. ఎన్నో ఏళ్ళ పాటు చిన్నపిల్లలు ఆ పెట్టెలు అంటించారు, పుల్లలు పేర్చారు. శివకాశి పిల్లల కోసం ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు ఇచ్చింది. చట్టాన్ని మీరి ప్రమాదకరమైన పనిలో పిల్లవాణ్ణి పెట్టుకున్న యజమాని ఒక్కొక్క పిల్లవాడికి 20,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది.

బాణసంచా పేలుళ్ళు మాత్రం ఆగలేదు. 2024 ఫిబ్రవరి 17న వెంబకోట్టై దగ్గర రాముదేవన్‌పట్టిలోని ఒక యూనిట్‌లో పేలుడు జరిగి పదిమంది చనిపోయారు. అంతకు మూడేళ్ళ ముందు, 2021 ఫిబ్రవరిలో, సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో ఇంకా ఎక్కువమంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల గురించి పత్రికల్లో తరచుగా కనబడే మాట ఒకటుంది. "రసాయనాలు కలుపుతుండగా రాపిడి వల్ల పేలుడు సంభవించింది."

రాపిడి. ఇది రసాయన శాస్త్రం ఇచ్చే జవాబు. అబద్ధం కాదు. కానీ అక్కడితో ఆగితే దోషం రాపిడిదే అవుతుంది, లేదంటే చెయ్యి జారిన కూలిమనిషిది అవుతుంది. సైన్సు చరిత్ర చదివినవాళ్ళు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. రాపిడికి మండుతుందని ఎప్పటి నుంచి తెలుసు? ఒక గదిలో ఎంతమంది ఉండాలనే నిబంధన ఎందుకు పుట్టింది, ఎక్కడ నీరుగారింది? ముక్కకింత అని కూలి కట్టే పద్ధతి చేతుల్ని ఎంత తొందరపెడుతుంది? ప్రమాదం తక్కువగా ఉండే దారి ఉంటే, దాని ఖర్చు ఎవరు భరించనన్నారు?

ఆ అమ్మాయి తల్లితో కూడా నేను మాట్లాడాను. ఆమెకు చదువు రాదు. కానీ కలిపిన మందు మిగిలితే మర్నాటికి ఉంచకూడదని తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎండలో కలపకూడదని తెలుసు. నేల మీద రాలిన పొడిని ఎలా ఊడ్చాలో తెలుసు. "తెలుసు గానీ, మేస్త్రీ తొందరపెడితే ఏం చేస్తాం అయ్యా" అంది. ఆ ఒక్క మాటలో వియన్నా నుంచి లండన్ దాకా నేను చదివిందంతా ఉంది. తెలియడం ఒకటి, తెలిసినదాన్ని పాటించే అధికారం ఉండటం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలిచే చదువే సైన్సు చరిత్ర.

పేర్లు ఎవరివి, చేతులు ఎవరివి?

వెంబకోట్టైలో ఇంకో విశేషం ఉంది. 2022 మార్చిలో తమిళనాడు పురావస్తు శాఖ అక్కడ వైప్పారు నది ఒడ్డున తవ్వకాలు మొదలుపెట్టింది. సన్నని రాతి పనిముట్లు, గాజు పూసలు, మట్టి బొమ్మలు, శంఖంతో చేసిన గాజులు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. శంఖం సముద్రం నుంచి రావాలి. దాన్ని పగలకుండా వలయాలుగా కోయాలి, అరగదీయాలి, నునుపు చేయాలి. ఏ రాయి దేన్ని కోస్తుందో తెలియనివాళ్ళు ఆ పని చేయలేరు. అది విజ్ఞానం కాక మరేమిటి? బాణసంచాకు పేరుపడిన ఆ నేలలోనే, వందల ఏళ్ళ కిందటి పనివాళ్ళ తెలివి మట్టిలో దాగి ఉంది. వాళ్ళ పేర్లు మాత్రం లేవు.

మన తెలుగు నేల మీద కూడా ఇదే జరిగింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు వండేవారు. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన "ఉక్కు" అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట "వూట్జ్" అయిందని పండితులు చెబుతారు. 1790లలో ఆ ఉక్కు ముక్కలు లండన్ చేరాయి. 1820 ప్రాంతంలో దాని రహస్యం తెలుసుకోవాలని మైకేల్ ఫారడే ప్రయోగాలు చేశాడు. ఫారడే ఎవరు? కమ్మరి కొడుకు. ఒక చిన్న సంఘంలో భక్తిగల పెద్ద. లండన్ కమ్మరి కొడుకు పేరు ప్రపంచమంతా తెలుసు. కోనసముద్రం కమ్మరి పేరు ఒక్కటి కూడా మనకు తెలియదు.

1796లో పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. విశాఖపట్నంలో ఉండి సేకరించిన పాములవి. ఆయన పుస్తకంలో "కాటుక రేకుల పొడ" లాంటి తెలుగు పేర్లు ఉన్నాయి. ఆయన రాసుకున్న "బంగారు పాము" నుంచే ఒక పాముల జాతికి శాస్త్రీయ నామం "బంగారస్" అని వచ్చింది. ఆ పేర్లు ఆయనకు చెప్పినవాళ్ళు, ప్రాణాలకు తెగించి పాముల్ని పట్టినవాళ్ళు ఎవరు? పాముకు రసెల్ పేరు పెట్టారు. పట్టినవాడి పేరు ఎక్కడా రాయలేదు.

తోలు సంగతి చెప్పనక్కర్లేదు. తంగేడు చెక్కతో పచ్చి తోలును కుళ్ళకుండా నిలబెట్టడం రసాయన శాస్త్రమే. కానీ ఆ శాస్త్రం తెలిసినవాణ్ణి ఊరు ముట్టుకోలేదు. 1948లో చెన్నైలో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ వచ్చింది. గుంటూరు జిల్లాలో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు దాన్ని పెంచి, తోలు పని గౌరవమైన సైన్సు అని ప్రపంచానికి చూపించారు. మంచిదే. కానీ అదే పని తాతలనాటి నుంచి చేస్తున్న మాదిగ, అరుందతియ కుటుంబాలకు ఆ గౌరవంలో ఎంత వాటా వచ్చింది? ఈ ప్రశ్నను కంచ ఐలయ్యగారు పుస్తకాల్లో గట్టిగా అడిగారు. దానికి ఆధారాలతో, రికార్డులతో, పెద్దల నోటి మాటలతో జవాబు రాయవలసింది మన పిల్లలే.

మనకు వాక్యంలో దీనికి ఆధారం లేకపోలేదు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపింది యాజకుణ్ణి కాదు, చేతిపనివాడైన బెసలేలును. అతని తోడుగా ఉన్న అహోలీయాబు పేరు కూడా అక్కడ రాసి ఉంది. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివరలో పేతురు యొప్పేలో బస చేసింది సీమోను అనే చర్మకారుని ఇంట్లో. పనివాళ్ళ పేర్లు రాయడం బైబిలుకు కొత్త కాదు.

గొప్పలు వేరు, చరిత్ర వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన పూర్వీకులకు అన్నీ తెలుసని డప్పు కొట్టడం సైన్సు చరిత్ర కాదు.

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్సు కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబు శిశువులని మాట్లాడారు. దేశమంతా నవ్వింది. దానికి భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉంది. ప్రాచీన విమాన శాస్త్రమని ప్రచారంలో ఉన్న ఒక గ్రంథాన్ని 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పరీక్షించారు. భాష చూశారు, రాతప్రతి ఎక్కడి నుంచి వచ్చిందో విచారించారు, బొమ్మల్లోని యంత్రాలు ఎగరగలవా అని లెక్క కట్టారు. అది 20వ శతాబ్దపు రచన అని, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు. ఎగతాళి చేయలేదు, ఆధారం చూపించారు. చరిత్ర చదవడం అంటే అది.

వేరేవాళ్ళను చూసి నవ్వేముందు మన వాట్సాప్ గ్రూపులు కూడా చూసుకుందాం. బైబిల్లో అణుబాంబు ఉంది, కంప్యూటర్ ఉంది అని రోజూ వచ్చే సందేశాలు ఏ జాతికి చెందినవి? ఇంకోవైపు, సైన్సు చదివితే విశ్వాసం పోతుందని భయపడే తల్లిదండ్రులూ ఉన్నారు. గెలీలియోను 1633లో సంఘం శిక్షించింది నిజం. ఆ పొరపాటును 1992లో పోపు రెండో జాన్ పాల్ ఒప్పుకున్నారు. కానీ సైన్సూ మతమూ ఎప్పుడూ కత్తులు దూసుకుంటూనే ఉన్నాయనే కథను బలంగా వ్యాప్తి చేసింది 19వ శతాబ్దం చివరి పుస్తకాలు. తర్వాతి చరిత్రకారులు ఆ కథ అంత సూటిగా లేదని చూపించారు. తుపాకి మందు చైనాలో పుట్టిన వైనాన్ని విస్తారంగా రాయించిన జోసెఫ్ నీధమ్ కేంబ్రిడ్జి జీవరసాయన శాస్త్రవేత్త, క్రైస్తవుడు, సోషలిస్టు. ఆయన 1954లో ప్రారంభించిన చైనా విజ్ఞాన చరిత్ర సంపుటాలు ఐరోపాయే అన్నీ కనిపెట్టిందనే గర్వాన్ని దించాయి. విశ్వాసం ఆయనకు అడ్డు రాలేదు.

ఎక్కడ చదవాలి? చదివి ఏం చేయాలి?

ఇది కొత్తగా పుట్టిన చదువేమీ కాదు. బెల్జియం నుంచి వెళ్ళిన జార్జ్ సార్టన్ 1912లో దీనికోసం ఒక పత్రిక స్థాపించి, తర్వాత హార్వర్డ్‌లో ఈ విషయాన్ని బోధించాడు. కేంబ్రిడ్జిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. మన దేశంలో జాతీయ సైన్సు అకాడమీ 1966 నుంచి సైన్సు చరిత్ర పత్రిక నడుపుతోంది. ఢిల్లీ జె.ఎన్.యూ.లోని జాకిర్ హుస్సేన్ విద్యా అధ్యయన కేంద్రంలో సైన్సు చరిత్ర మీద పరిశోధనలు జరిగాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో విజ్ఞానం, సంస్కృతి, ఆవిష్కరణల అధ్యయనానికి ఒక కేంద్రం ఉంది. కొన్ని ఐఐటీల్లో మానవీయ శాస్త్ర విభాగాల్లో కూడా అవకాశం ఉంది. సైన్సు డిగ్రీ ఉన్నవాళ్ళకు ఇది లాభమే కానీ నష్టం కాదు. రసాయన సమీకరణం చదవలేనివాళ్ళు అగ్గిపుల్ల చరిత్ర సగమే రాయగలరు.

ఉద్యోగాలు తక్కువ. ఈ మాట దాచను. పేద కుటుంబంలో ఒక్క పిల్ల చదువు మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకుంటే, "ఇష్టమైంది చదువు" అని ఊరికే చెప్పి వెళ్ళిపోవడం పాస్టరుకు సులువు. అందుకే నేను రెండు మాటలు చెబుతాను. ఒకటి, బి.ఎడ్. చేసినా, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు పరీక్ష రాసినా, లా చదివినా, విలేకరి అయినా ఈ చదువు వృథా పోదు. పేలుడు జరిగిన మర్నాడు "రాపిడి" అని రాసి ఊరుకోని విలేకరి కావాలి. పాత నివేదికలు తీసి చదివే లాయరు కావాలి. రెండు, ఈ భారం పిల్లల మీదే వేయకూడదు. సంఘం మోయాలి.

మన వేదాంత కళాశాలల్లో సంఘ చరిత్ర చదవకుండా ఎవరికీ పట్టా ఇవ్వరు. మన తండ్రులు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ పడ్డారో తెలియనివాడు మందను నడపలేడని పెద్దల నమ్మకం. మరి సైన్సు పిల్లలకు ఆ సైన్సు చరిత్ర ఒక్క పేపరు కూడా లేకుండా పట్టాలు ఎందుకిస్తున్నాం? మన క్రైస్తవ కాలేజీలు తెలుగు రాష్ట్రాల్లోనూ తమిళనాడులోనూ ఎన్నో ఉన్నాయి. ప్రతి సైన్సు డిగ్రీలో ఒక్క పేపరు పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, మనసు ఉంటే చాలు. ప్రతి డయాసిస్, ప్రతి అసోసియేషను ఏడాదికి ఒక్క విద్యార్థికైనా ఈ చదువుకు సాయం చేయవచ్చు. ఒక కన్వెన్షన్ పందిరి ఖర్చులో అది చిన్న భాగం.

యౌవనులారా, విశ్వవిద్యాలయం దాకా వెళ్ళలేనివాళ్ళు కూడా ఒక పని ఇప్పుడే చేయగలరు. మీ సంఘంలో తోలు పని చేసిన తాత, మందు నింపిన అమ్మ, బట్టీ కాల్చిన బాబాయి ఉన్నారు. ఫోను తీసి వాళ్ళ మాటలు రికార్డు చేయండి. ఏ చెక్క వాడారు, ఎన్ని రోజులు నానబెట్టారు, ఎక్కడ కాలింది, ఎవరు చనిపోయారు అని అడగండి. పేర్లు, తేదీలు రాసుకోండి. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ విజ్ఞానాన్ని ఏ తవ్వకం బయటికి తీయలేదు.

ఆ అమ్మాయికి నేను తర్వాత ఫోన్ చేసి, ఇచ్చిన సలహా తప్పని ఒప్పుకున్నాను. ఆమె రెండు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టింది. మా సంఘంలో కొంతమందిమి కలిసి మొదటి ఏడాది హాస్టలు ఖర్చు కడదామని అనుకున్నాం. మిగతాది చూడాలి. ఫోన్ పెట్టేముందు వాళ్ళమ్మ మాట్లాడింది. "అది చదివేదాంట్లో మా పని గురించి కూడా రాస్తారా అయ్యా?" అని అడిగింది.

రాస్తారమ్మా అన్నాను. ఆ మాట నిలబెట్టడానికి మీరందరూ నాకు తోడు రావాలి.